మా గేటు ముందర మంచు

హౌకిరంత,
నవంబరు 18

సైమీ,

నీ ఉత్తరం అందింది. మీ హాంకోలో ఇంకా వానే పడుతోందని రాశావు. ఇక్కడ నది అంచులు అప్పుడే గడ్డకట్టాయి. ఫోన్ చెయ్యమని మళ్ళీ మళ్ళీ అడక్కు. ఫోన్ దగ్గర పెడితే ఈ చెవి మిషన్ కీచుమని అరుస్తుంది, నీ మాట ఒక్కటీ వినపడదు. ఉత్తరమైతే రెండోసారి చదువుకోవచ్చు. నువ్వు ఏ మాట దగ్గర తడబడ్డావో కూడా తెలుస్తుంది.

ముందు మంచి కబురు. ఈ శీతాకాలం నుంచి మా ఊళ్ళో మంచు పడగానే నడిచేవాళ్ళ బాటల మీద, సైకిళ్ళ బాటల మీద మంచు ముందు ఎత్తుతారు. కార్ల రోడ్లు ఆ తర్వాతే. గ్రంథాలయంలో మీటింగు పెట్టినప్పుడు నేనే లేచి మాట్లాడాను. "కారుకి నాలుగు చక్రాలు, లోపల హీటరు. నాకున్నవి రెండు కాళ్ళు, అందులో ఒక తుంటి ఇనుపది," అన్నాను. అందరూ నవ్వారు. పక్కింటి రౌతియో ఒక్కడే మొహం మాడ్చుకుని, "నలుగురు సైకిళ్ళవాళ్ళ కోసం ఊళ్ళో కార్లన్నీ ఆగాలా?" అని సణిగాడు. ఆయనకి పాలు తేవాలన్నా కారే కావాలి. దుకాణం ఎక్కడో కాదు, మా వీధి చివరే.

నాకిది వేడుక కాదు, నీకు తెలుసు. ఇంకోసారి పడితే ఇల్లు మర్చిపోమని డాక్టరు మొహం మీదే చెప్పింది. నన్ను పట్నం ఆసుపత్రిలో పడేస్తారు. మీ తౌనో బావని వృద్ధుల హోమ్‌కి తీసుకుపోతారు. ఇద్దరినీ ఒక్కచోట ఉంచరు. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద బతికి చివర్లో వేరువేరు గోడలు చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. తౌనోకి ఈమధ్య కాస్త మతిమరుపు. కాఫీ గరిటె తీసుకెళ్ళి చేతితొడుగుల అరలో పెట్టాడు. ఈ వయసులో ఎవరికి లేదు చెప్పు.

అసలు సంగతి ఇప్పుడు. మా బాట మంచు తోసే పని మీ యార్కోకే వచ్చింది. సొంత చెల్లెలి కొడుకు, ఇంకేం కావాలి అనుకున్నాను. ఇప్పటికి రెండుసార్లు మంచు పడింది. రెండుసార్లూ మీవాడు ట్రాక్టరు మీద వచ్చి, మా గేటు దగ్గరికి రాగానే ముందున్న మంచు పార పైకెత్తి, మా కంచె దాటగానే మళ్ళీ దించాడు. వీధి వీధంతా నున్నగా ఉంది, మా గేటు ముందు మాత్రం మోకాలి కింది దాకా మంచు. ఇదేమిటో నువ్వే వాణ్ణి అడుగు. నేనడిగితే బాగుండదు.

నీ అక్క,
ఐలి


హాంకో,
నవంబరు 26

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వుకున్నాను. తప్పయితే తిట్టు. నీకు చిన్నప్పటి నుంచీ ఇదే వరస. అమ్మ నాకు యాలకుల బన్ను ఒకటి ఎక్కువ పెట్టిందని నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఆ బన్ను మాడిపోయిందే అక్కా, అందుకే ఎక్కువ పెట్టింది.

యార్కో పార పైకెత్తాడంటే అక్కడేదో అడ్డం ఉండి ఉంటుంది. మురుగు మూత పైకి తేలిందేమో, పార తగిలితే విరుగుతుంది. వాడు చిన్నప్పటి నుంచీ తౌనో బావ చెయ్యి పట్టుకుని పెరిగినవాడు. చేపలు పట్టడం నేర్పింది బావ, గొడ్డలికి పిడి వెయ్యడం నేర్పింది బావ. మీ గేటు ముందు కావాలని మంచు వదిలేస్తాడా? ఏదన్నా అంటే పెదనాన్న, పెదనాన్న అంటాడు.

అయినా ఆదివారం వాడు ఫోన్ చేసినప్పుడు అడుగుతాను. వాడి నోట్లోంచి మాట రాబట్టడం ఎంత కష్టమో నీకు తెలియంది కాదు.

ఇక్కడ మంచు లేదు కానీ, వాన పడి రాత్రికి రాత్రే గడ్డకట్టి ఊరంతా అద్దం పరిచినట్టుంది. మా మేడమీది ఆవిడ బూట్ల మీద ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని నడుస్తోంది. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ ఆవిడ ఒక్కతే జారకుండా వెళ్తోంది. నువ్వూ అలా చెయ్యి.

బావకి నా ముద్దులు చెప్పు.

నీ సైమీ


హౌకిరంత,
డిసెంబరు 4

సైమీ,

మురుగు మూత లేదు. వెళ్ళి కర్రతో మంచంతా పొడిచి చూశాను. నా చెవిలో పువ్వులు పెట్టకు.

నేను చూసింది చెబుతాను, విను. నిన్న పొద్దున్నే దీపం వెలిగించకుండా వంటింటి కిటికీ దగ్గర కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. మీవాడు వచ్చాడు. పార ఎత్తాడు, మా గేటు దాటాడు, దించాడు. బడి దాకా బాటంతా తోసుకుంటూ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఈసారి ట్రాక్టరు ఆపి కిందికి దిగాడు! మా గేటు ముందు వంగి, టార్చి వేసి, మంచుని తేరిపార చూశాడు. ఎంతసేపు చూశాడనుకున్నావు? పోగొట్టుకున్న ఉంగరం వెతుకుతున్నట్టు చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, మా కిటికీ వైపు చూశాడు. నేను తెర వెనక్కి తప్పుకున్నాను. తర్వాత ఎక్కి వెళ్ళిపోయాడు. అన్ని బాటలూ అయ్యాక, ఆఖర్న వచ్చి మా ముక్క తోశాడు. అప్పటికి నేను దుకాణానికి వెళ్ళాల్సిన వేళ దాటిపోయింది.

వాడు దేనికోసం చూస్తున్నాడు? నేనక్కడ పడ్డానా లేదా అనా?

ఎందుకో నాకు తెలుసు. మొన్న వేసవిలో మా సానా ఆవిరిగది దగ్గర కూర్చుని, పెళ్ళాం ఎందుకు వదిలేసి పోయిందని వాడు ఏడుపు మొహం పెడితే, "నువ్వు నోరు తెరిస్తే కదా, అదెంతకాలమని గోడతో కాపురం చేస్తుంది" అన్నాను. అన్నది నిజమే. దానికిది పగ. మాట రానివాళ్ళ పగ ఇలాగే ఉంటుంది.

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పొద్దున్నే లేచేసరికి తౌనో బూట్లు తడిగా ఉంటున్నాయి. రోజూ కాదు, కొన్ని రోజులే. అడిగితే "పేపరు తెచ్చుకున్నాను" అంటాడు. పేపరు పెట్టె గేటుకే ఉంది, దానికి బూట్లు చీలమండ దాకా తడుస్తాయా? కోటుకి డీజిల్ వాసన వస్తోంది. మాకు కారు లేదు. బడి పక్కన ఉండే కెర్తూకి ఉంది, పాత డీజిల్ బండి. కెర్తూ మొగుడు పోయి ఏడాదైంది. నేను రాత్రి చెవి మిషన్ తీసి పడుకుంటే ఇల్లు కూలినా వినపడదు. ఆ సంగతి తౌనోకి తెలుసు.

నవ్వకు. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది, కానీ తడి బూట్లు తడి బూట్లే.

ఎల్లుండి ఆరో తేదీ, మన దేశం స్వాతంత్ర్య దినం. ఏటా లాగే కిటికీలో రెండు కొవ్వొత్తులు పెడతాను. యార్కోని కాఫీకి పిలవడం లేదు.

ఐలి


హాంకో,
డిసెంబరు 14

అక్కా,

యార్కోతో మాట్లాడాను. ఆ పని అలాగే చెయ్యాలట. అంతకంటే ఏమీ చెప్పలేదు. నువ్వు దాన్ని పట్టించుకోకు. బూట్లకి కింద మేకులున్న పట్టీలు కట్టుకో, మంచు ఎత్తేదాకా ఇంట్లోనే ఉండు. పాలు ఒక గంట ఆగితే ఏం పోతుంది.

కెర్తూ సంగతి మర్చిపో. బావ అలాంటివాడు కాదని నీకంటే బాగా ఎవరికి తెలుసు.

బావ నిద్ర బాగా పోతున్నాడా? మీ వీధి తలుపుకి లోపల గొళ్ళెం ఉందా? ఇప్పుడు తలుపు తీస్తే మోగే చిన్న గంటలు అమ్ముతున్నారు, ఒకటి పంపనా? దొంగలు కూడా ఎక్కువయ్యారట, పేపర్లో చూశాను.

ఈ ఉత్తరంతో పాటు చిన్న పార్సిల్ వస్తుంది. బావకి రిఫ్లెక్టర్ బిళ్ళలు నాలుగు. రెండు కోటు ముందు, రెండు వీపు మీద కుట్టు. చీకట్లో బండి లైటు పడితే దూరం నుంచే మెరుస్తాయి. తప్పకుండా కుట్టు అక్కా, మర్చిపోకు.

క్రిస్మస్‌కి ముల్లంగి కూర చేస్తున్నావా? నాకు ఈసారి చెయ్యబుద్ధి కావడం లేదు.

సైమీ


హౌకిరంత,
డిసెంబరు 20

సైమీ,

నువ్వు నీళ్ళు నములుతున్నావు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు తుంటి పాడైంది గానీ బుర్ర కాదు. హౌకిరంతలో దొంగలా! కిందటిసారి ఇక్కడ పోయింది కెర్తూ కోడిపుంజు, అదీ తనే పారిపోయింది. గొళ్ళెం అంటావు, గంట అంటావు. చీకట్లో గడప దాటని మనిషికి వీపు మీద రిఫ్లెక్టర్లు ఎందుకే? బడిపిల్లలకి కుట్టినట్టు కుట్టమంటావు. తౌనో ఆ బిళ్ళలు చూసి ముచ్చటపడి తనే సూదీ దారం తీసుకుని వంకరటింకరగా కుట్టుకున్నాడు. నేను ముట్టుకోలేదు. నీకూ నీ కొడుక్కీ మధ్య ఏదో ఉంది, దానికి నేను అడ్డం.

సరే, నేను చెయ్యాల్సింది చేశాను. మొన్న మళ్ళీ మంచు పడింది. మేకుల పట్టీలు కట్టుకునే వెళ్ళాను. మా గేటు ముందు కాలు దిగబడి పక్కకి తూలాను. గేటు స్తంభం పట్టుకున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడి ఏడ్చాను. నొప్పికి కాదు, నేను పడితే తౌనోని తీసుకుపోతారని.

ఆ సాయంత్రమే గ్రంథాలయంలో మీటింగు. కాంట్రాక్టరు వచ్చాడు, యార్కో కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. లేచి అందరి ముందూ చెప్పాను. "నడిచేవాళ్ళకి ముందు అని మనం పోట్లాడి తెచ్చుకున్నాం. మా గేటు ముందు మాత్రం అందరికంటే వెనక. ఎందుకో వాణ్ణే అడగండి," అన్నాను. రౌతియో ఎంత సంబరపడ్డాడో చూడాలి. "చూశారా, బాటలు కావాలన్నావిడే బాటల మీద ఫిర్యాదు చేస్తోంది!" అని చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

కాంట్రాక్టరు యార్కోని నిలబెట్టి అడిగాడు. వాడు టోపీ నలుపుకుంటూ, "చెప్పలేను" అన్నాడు.

"చెప్పలేవా, చెప్పవా?" అని నేను అడిగాను.

"చెప్పలేను పెద్దమ్మా."

అంతే. నాలుగు వందల ఇళ్ళ ఊరి ముందు నన్ను అవమానించడానికి ఆ ఒక్క మాట చాలు. కొత్త సంవత్సరం నుంచి వాణ్ణి పెద్ద బండి మీద కార్ల రోడ్లకి వేశారు. మా బాటకి వేరే మనిషి వస్తాడు, మా వీధే ముందు తోస్తానని మాటిచ్చాడు.

నేను గెలిచాను సైమీ. క్రిస్మస్ శుభాకాంక్షలు.

ఐలి


హాంకో,
డిసెంబరు 28

అక్కా,

ఎంత పని చేశావు! మీ కాంట్రాక్టరుతో మాట్లాడి యార్కోని మళ్ళీ మీ బాటకే వేయించు. ఎందుకని అడక్కు. నేను మాట ఇచ్చాను, నేనిచ్చింది ఒకరికి, వాళ్ళిచ్చింది ఇంకొకరికి. చెప్పలేకపోతున్నాను, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

ఒక్కటి మాత్రం నా మాట విను. రాత్రి తలుపుకి తాళం వేసి, తాళంచెవి నీ దిండు కింద పెట్టుకో. నన్ను ఎన్నైనా తిట్టు, ఇది చెయ్యి.

సైమీ


హౌకిరంత,
జనవరి 5

సైమీ,

ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ పగ అనుకున్నాను. పగ కూడా కాదు.

నిన్న ఆరోగ్య కేంద్రం నుంచి ఒకావిడ వచ్చింది. కాఫీ తాగుతూ తియ్యగా మాట్లాడుతూ తౌనోని "ఇవాళ ఏ వారం?" అని అడిగింది. తౌనో నా వైపు చూశాడు. ఆవిణ్ణి ఎవరు పంపారు? ఊరికే వచ్చానంది. ఎవరూ ఊరికే రారు.

నువ్వూ మీవాడూ కలిసి మమ్మల్ని హోమ్‌కి పంపే ఏర్పాట్లు చేస్తున్నారు. నేను గేటు ముందు పడితే పని తేలికవుతుంది. పడలేదు కాబట్టి ఇప్పుడు తాళాలూ గంటలూ. భర్తని తాళం వేసి ఉంచుతోంది, ఇక ఇంట్లో ఉండనివ్వకూడదు అని రేపు నలుగురికీ చెబుతారు. తౌనో ఈ ఇంటిని తన చేతులతో కట్టాడు. అందులో తౌనోని బందీగా పెట్టమంటావా? తాళం వెయ్యను. నా ఇంటి తలుపుకి తాళం ఎన్నడూ వెయ్యలేదు.

మా బాట ఇప్పుడు ఎలా ఉందో చెప్పనా? కొత్తతను తెల్లారేసరికే వచ్చి మా వీధినే ముందు తోస్తున్నాడు. నేల కడిగి తుడిచినట్టు ఉంటోంది, ఒక్క మంచు ముద్ద కూడా మిగలదు. హాయిగా దుకాణానికి వెళ్ళొస్తున్నాను.

ఇక ఉత్తరాలు రాయకు.

ఐలి


హౌకిరంత,
జనవరి 19

సైమీ,

రాయకు అన్నాను, నేనే రాస్తున్నాను. నీకు యార్కో ఫోన్‌లో చెప్పే ఉంటాడు. అయినా నా చేతి నుంచి కూడా తెలియాలి.

గురువారం పొద్దున లేచేసరికి పక్క ఖాళీ. బూట్లు లేవు, కోటు లేదు. పేపరు కోసం వెళ్ళాడనుకున్నాను. మెట్ల మీదికి వచ్చి చూస్తే, వాకిట్లో మంచు మీద తౌనో అడుగులు గేటు దాకా ఉన్నాయి. గేటు బయట ఏమీ లేదు. బాట అంతా తోసేసి ఉంది, నేను అడిగి తెప్పించుకున్న శుభ్రం. ఎడమకి వెళ్ళాడా, కుడికి వెళ్ళాడా, ఎవరు చెబుతారు? ఆ గేటు దగ్గర నిలబడి అటు రెండు అడుగులు, ఇటు రెండు అడుగులు వేశాను. జన్మలో అంత భయం ఎరగను. బయట చలికి ఊపిరి తీస్తుంటే ముక్కు లోపల పటపటమంటోంది.

రౌతియో తలుపు బాదాను. ఆయనే పోలీసులకి, యార్కోకి ఫోన్ చేశాడు. యార్కో పెద్ద బండిని నడిరోడ్డు మీద అలాగే వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాడట. వెనక కార్లన్నీ ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. వాడు రొప్పుతూ వచ్చి నాతో అన్న మొదటి మాట: "సామిల్లు! పెదనాన్న సామిల్లుకే వెళ్తాడు."

అక్కడే మా గేటు ముందు నిలబడి అంతా చెప్పాడు. వాడు అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడ్డం నేనెన్నడూ చూడలేదు. నవంబరులో మొదటిసారి మంచు పడిన తెల్లవారుజామున, వాడు మా వీధికి రాకముందే, బాట మీద తౌనో ఎదురయ్యాడట, పైజమా మీద కోటు వేసుకుని. "షిఫ్టుకి లేటయింది రా" అన్నాడట. తౌనో పనిచేసిన ఆ కలప కోసే మిల్లు మూతబడి ఇన్నేళ్ళయింది, ఇప్పుడు అది వ్యాయామశాల. యార్కో ట్రాక్టరులో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పి, మనసు కుదుటపడ్డాక ఇంటి దగ్గర దింపాడు. తౌనో వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చాడట. "ఐలికి చెప్పకురా. తెలిస్తే నన్ను హోమ్‌కి పంపించేస్తారు. అది ఒక్కతే అయిపోతుంది," అన్నాడట. వీడు మాటిచ్చాడు. అప్పటి నుంచి మా గేటు ముందు మంచు తొయ్యడం మానేశాడు. తోస్తే అడుగులు కనిపించవు. ఉంచితే, బయటికొచ్చాడా లేదా, ఎటు వెళ్ళాడు, అన్నీ మంచే చెబుతుంది. అందుకే టార్చి వేసి చూసేవాడు. అడుగులు కనిపిస్తే వెనకే వెళ్ళి తీసుకొచ్చేవాడు. డీజిల్ వాసన ఆ ట్రాక్టరుదే.

సామిల్లు దగ్గర లేడు. ఎక్కించుకోవడానికి ట్రాక్టరు రాకపోయేసరికి తౌనో ఇంకా ముందుకి, నది వైపు వెళ్ళిపోయాడు. ఆసుపత్రి వంటగదిలో పనిచేసే ఒకమ్మాయి సైకిలు మీద పనికి వెళ్తుంటే, బాట పక్కన వంతెన కింద ఏదో మెరిసిందట. సైకిలు లైటు వీపు మీది బిళ్ళలకి తగిలింది. తను కార్లో వెళ్ళి ఉంటే ఆ పక్క చూసేదే కాదు. ఆ బాట తోసి ఉండకపోతే సైకిలు మీద వచ్చేదే కాదు. ఏది మంచి, ఏది చెడు అని నేనింక చెప్పలేను.

బతికాడు. ఎడమ పాదానికి రెండు వేళ్ళు తీసేశారు. నన్ను గుర్తుపట్టాడు.

ఇక నీతో నాకున్నది చెబుతాను. నాకు అనుమానం ఎక్కువ అంటారు అందరూ. కానీ మీరు నా దగ్గర దాస్తున్నారన్నది నిజమా కాదా? తౌనోకి తెలుసు, యార్కోకి తెలుసు, ఎక్కడో హాంకోలో కూర్చున్న నీకు తెలుసు. పక్కన పడుకునే నాకు తెలియదు. నాకు చెప్పి ఉంటే నా నడుముకీ ఆయన నడుముకీ తాడు కట్టుకుని పడుకునేదాన్ని. మీ ముగ్గురి మీదా నాకు కోపం పోలేదు. నా మీద కూడా.

ఐలి


హాంకో,
జనవరి 25

అక్కా,

నీ కోపం న్యాయమే. యార్కో నాకు చెప్పింది డిసెంబరు రెండో వారంలో. అప్పుడే రైలెక్కి రావాల్సింది. రిఫ్లెక్టర్ బిళ్ళలు పంపి చేతులు దులుపుకున్నాను. శీతాకాలం ఎలాగోలా గడిచిపోతే వేసవిలో నెమ్మదిగా చెప్పొచ్చనుకున్నాను. నీకు చెబితే బావని నిలదీస్తావని, బావ ఇంకో దారిలో వెళ్ళిపోతాడని భయపడ్డాను. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకునే సాకులు. నీకంటే బావని నేనే బాగా కాపాడతానని అనుకున్నాను చూడు, అది క్షమించు.

కానీ ఒక మాట. నిన్ను హోమ్‌కి పంపాలని మేము ఏనాడూ అనుకోలేదు. ఆ ఆరోగ్య కేంద్రం ఆవిడ ఎవరో కూడా నాకు తెలియదు. ఇది నమ్ము.

బండి నడిరోడ్డు మీద వదిలేసినందుకు యార్కో మీద కార్లవాళ్ళు ఫిర్యాదులు పెట్టారట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. వాడు దాని గురించి మాట్లాడ్డం లేదు. "పెద్దమ్మ నాతో మాట్లాడుతుందా?" అని మాత్రం అడిగాడు. నేనేం చెప్పను?

నన్ను రమ్మంటే వస్తాను.

సైమీ


హౌకిరంత,
ఫిబ్రవరి 22

సైమీ,

వస్తే రా, పరుపు ఉంది. కానీ ఏడవడానికి రాకు, పని ఉంది.

తౌనో ఇంటికొచ్చాడు. ఊరికే పంపలేదు. హోమ్‌లో గది ఖాళీ ఉందని ముగ్గురు వచ్చి కూర్చున్నారు. "ఆయన పొద్దున్నే బయటికి వెళ్ళిపోతే మీరేం చేస్తారు?" అని అడిగారు. "నేనూ వెళ్తాను," అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వసంతం దాకా చూద్దామన్నారు. అదీ నాకు అనుమానంగానే ఉంది, కానీ వసంతం దాకా ఉంది.

మళ్ళీ మీటింగుకి వెళ్ళాను. యార్కోని మా బాటకి తిరిగి వెయ్యమని అడిగాను. మా గేటు ముందు మంచు ఎందుకు వదిలేశాడో అందరికీ చెప్పాను. మొహం చిన్నబోయింది, అయినా చెప్పాను. తౌనో తప్పిపోయిన రోజు రౌతియో కొడుకు కారు కూడా ఆ పెద్ద బండి వెనకే ఇరుక్కుందట. రౌతియో ఏం గొడవ పెడతాడో అని చూస్తున్నాను. ఆయన లేచి గొంతు సవరించుకుని, "ఈసారి బండి వదిలేస్తే కాస్త పక్కకి పెట్టి వదలమనండి," అని కూర్చున్నాడు. అంతకంటే మంచిమాట ఆయన నోట ఎవరూ వినలేదు. యార్కోని మళ్ళీ బాటకి వేశారు. బయట వాడి టోపీ లాగి కిందికి దించి, "రేపట్నుంచి కాఫీకి రా" అన్నాను. వచ్చాడు. నాలుగు బన్నులు తిన్నాడు.

మేము చేస్తున్నది ఇది. పొద్దున తౌనో కదలగానే నేను లేస్తాను, ఇప్పుడు మిషన్ పెట్టుకునే పడుకుంటున్నాను. ఇద్దరం బట్టలు వేసుకుంటాం. కెర్తూ తన మొగుడి తోపుడు స్లెడ్జి ఇచ్చింది, మంచు మీద జారే కుర్చీ బండి. తౌనో దాని మీద కూర్చుంటాడు, నేను వెనక పిడి పట్టుకుని నెడతాను. పడకుండా నాకూ అదే ఆసరా. యార్కో మా గేటు ముందే మొదలుపెడుతున్నాడు. బాటలో ఒక అంచున పల్చగా మంచు ఉంచి, జారకుండా వేసే కంకర అక్కడ చల్లడం లేదు, చల్లితే స్లెడ్జి కదలదు. నడిచేవాళ్ళు జారుతోందని గొణుగుతున్నారు. మధ్యలో నడవండయ్యా అంటున్నాను.

సామిల్లు దాకా వెళ్తాం. గేటు మూసి ఉంటుంది. తౌనో కాసేపు చూసి, "ఇవాళ సెలవేమో," అంటాడు. "సెలవే," అంటాను. "అయితే ఇంటికి పోదాం," అంటాడు. రోజూ ఇదే. మొదటిరోజు దారంతా ఏడుస్తూ నెట్టాను. ఇప్పుడు ఏడవడం లేదు.

నిన్న తిరిగొస్తుంటే ఆయన మొహం తేటగా ఉంది. అలాంటి రోజులు ఇంకా వస్తున్నాయి. ఇన్నాళ్ళుగా నన్ను కోస్తున్నది అడిగేశాను. "యార్కోకి చెప్పావు, నాకు చెప్పలేదు. అన్ని పొద్దులు పక్కలోంచి దొంగలా లేచి వెళ్ళావు. నన్నెందుకు లేపలేదు?"

తౌనో నాకేసి చూడ్డానికి స్లెడ్జి మీద మెడ వెనక్కి తిప్పాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"గేటు ముందు మంచు ఎత్తలేదు కదే," అన్నాడు. "నువ్వొస్తే పడిపోవూ?"

నీ అక్క,
ఐలి